త్రికోణమితి వేషంలో వర్గ సమీకరణం

బౌండరీ గీత దగ్గర బంతి అందుకున్న ఫీల్డర్‌కూ వికెట్ కీపర్‌కూ మధ్య దూరం 60 మీటర్లు అనుకుందాం. ఫీల్డర్ విసురు వేగం సెకనుకు 25 మీటర్లు, అంటే గంటకు 90 కిలోమీటర్లు. బంతి మధ్యలో నేలను తాకకుండా కీపర్ చేతుల్లో పడాలంటే దాన్ని ఎంత కోణంలో విసరాలి? గాలి అడ్డును పక్కన పెడదాం. లెక్క తేలికవడానికి గురుత్వ త్వరణాన్ని 10 అనుకుందాం. బంతి ప్రయాణించే దారికి ఉన్న సూత్రంలో ఈ అంకెలు వేస్తే ఇలా తేలుతుంది:

60 టాన్ తీటా = 28.8 సెక్² తీటా

తీటా అంటే చేతిని వదిలిన క్షణంలో బంతి దారి నేలతో చేసే కోణం. ఒకవైపు టాన్, ఇంకోవైపు సెక్ వర్గం ఉన్నాయి కాబట్టి ఇలాగే ఉంచితే లెక్క కదలదు. సెక్² అంటే 1 + టాన్² అని పదో తరగతిలోనే నేర్చుకున్నాం. దాన్ని ఇక్కడ వాడి, దశాంశాలు పోయేలా అంతటినీ 2.4తో భాగిస్తే మిగిలేది ఇది:

12 టాన్² తీటా − 25 టాన్ తీటా + 12 = 0

టాన్ తీటా అన్నచోటల్లా ఒకే అక్షరం రాసి చూడండి, మామూలు వర్గ సమీకరణమే. కారణాంకాలుగా విడగొడితే టాన్ విలువ 3/4 గానీ 4/3 గానీ అవుతుంది. కోణాలు సుమారు 37 డిగ్రీలు, 53 డిగ్రీలు. వీటిలో ఏ కోణంలో విసిరినా బంతి కీపర్ దగ్గరికే వస్తుంది. కాకపోతే 37 డిగ్రీల విసురుకు 3 సెకన్లు పడితే, 53 డిగ్రీల విసురుకు 4 సెకన్లు పడుతుంది. రనౌట్ కావాల్సిన బ్యాటర్ క్రీజులోకి చేరిపోవడానికి ఆ ఒక్క సెకను చాలు. గణితం రెండు జవాబులూ ఒప్పుకుంది, ఆటకు మాత్రం ఒకటే పనికొస్తుంది.

ఆ రెండు కోణాల మొత్తం 90 డిగ్రీలు కావడం కూడా కాకతాళీయం కాదు. మన వర్గ సమీకరణంలో మొదటి గుణకమూ చివరి అంకే ఒకటే, అందుకే మూలాల లబ్ధం 1. రెండు లఘుకోణాల టాన్ విలువల లబ్ధం 1 అయితే అవి పూరక కోణాలు. వేగం మారినా దూరం మారినా, విసిరే ఎత్తూ పట్టే ఎత్తూ ఒకటే అయినంతకాలం ఈ లబ్ధం మారదు. 45 డిగ్రీలకు ఎంత పైన విసిరితే ఎంత దూరం పోతుందో, అంతే కింద విసిరినా అంతే దూరం పోతుందని గెలీలియో 1638లో అచ్చయిన తన పుస్తకంలో రేఖాగణితంతో నిరూపించాడు. మనకు అదే సంగతి మూలాల లబ్ధం చూడగానే దొరికింది.

ఇంకాస్త ముందుకెళ్దాం. కీపర్ 62.5 మీటర్ల దూరంలో ఉంటే సమీకరణం టాన్² − 2టాన్ + 1 = 0గా మారుతుంది. మూలాలు రెండూ ఒకటే, కోణం 45 డిగ్రీలు. అదే 70 మీటర్లయితే విచక్షణి రుణాత్మకమవుతుంది. ఏ కోణంలో విసిరినా ఆ వేగంతో బంతి అంత దూరం చేరదని దాని అర్థం. విచక్షణి గుర్తు చూసి మూలాలు వాస్తవాలో కావో రాయమని పరీక్షలో అడిగే ఆ రెండు మార్కుల ప్రశ్నకు మైదానంలో అర్థం ఇదీ.

ఇంటర్ మొదటి సంవత్సరంలో త్రికోణమితీయ సమీకరణాల పాఠం చదివినవాళ్లకు ఇలాంటి లెక్కలు డజన్లకొద్దీ తగిలి ఉంటాయి. అభ్యాసంలో ఒకదాని కింద ఒకటి వరసగా ఉంటాయి, పిల్లలు వరసగా చేసుకుంటూ పోతారు. నాకు కనిపించే లోపం ఏమిటంటే, ఆ అభ్యాసంలో చెమట పట్టేదంతా మధ్యభాగం దగ్గరే. వర్గ సమీకరణాన్ని విడగొట్టడం తొమ్మిది, పది తరగతుల నుంచీ చేతికి అలవాటైన పని. అసలు కష్టం దానికి ముందొకటి, వెనకొకటి ఉంది. ఇచ్చిన సమీకరణం లోపల వర్గ సమీకరణం దాగి ఉందని పసిగట్టడం మొదటిది. వచ్చిన విలువల నుంచి మళ్లీ కోణాల దగ్గరికి క్షేమంగా చేరడం రెండోది. మార్కులు పోయేది ఎక్కువగా ఈ రెండు చోట్లే.

పసిగట్టడం సంగతి ముందు చూద్దాం. ఈ మూడు సమీకరణాలను పక్కపక్కన పెట్టండి.

2కాస్² తీటా + 3సైన్ తీటా = 3
కాస్ 2తీటా + 3సైన్ తీటా = 2
2సైన్ తీటా + కొసెక్ తీటా = 3

చూపుకు మూడింటికీ పోలిక లేదు. మొదటిదానిలో కాస్² బదులు 1 − సైన్² రాయండి. రెండోదానిలో కాస్ 2తీటా బదులు 1 − 2సైన్² రాయండి. మూడోదాన్ని అంతటా సైన్‌తో గుణించండి. సైన్ తీటాను య అని పిలిస్తే మూడూ ఒకే చోటికి వచ్చి ఆగుతాయి: 2య² − 3య + 1 = 0. అక్షరం కొత్తగా ఉందని అనుకోనక్కర్లేదు. భాస్కరాచార్యుడు తన బీజగణితంలో తెలియని రాశిని యావత్తావత్ అని, కుదించి యా అని రాసుకున్నాడు.

కాస్ 2తీటాకు మూడు రూపాలున్నాయి, వాటిలో ఏది తీసుకోవాలన్నది మిగతా పదాలను బట్టి ఉంటుంది. పక్కన సైన్ ఉంటే సైన్ రూపం, కాస్ ఉంటే కాస్ రూపం. వర్గం లేని పదం ఏ ప్రమేయంలో ఉందో చూసి, వర్గం ఉన్న పదాన్ని దానిలోకి మార్చాలి. వర్గాన్ని మార్చడం తేలిక. ఒంటరిగా ఉన్న సైన్‌ను కాస్‌లోకి మార్చబోతే వర్గమూలం వచ్చి పడుతుంది, దానితోపాటు ప్లస్సా మైనస్సా అన్న తగాదా కూడా. ఈ ఒక్క సూచన చేతికి పడితే పాఠంలోని లెక్కల్లో చాలావరకు మొదటి పంక్తి దగ్గర ఆగిపోవు.

య విలువలు కనుక్కోవడానికి కారణాంకాలు చాలు. కానీ శ్రీధరాచార్యుడి పద్ధతి ఒకసారి చేసి చూడటం మంచిది. అతడి బీజగణిత గ్రంథం మనకు దొరకలేదు, ఈ సూత్రం భాస్కరాచార్యుడు ఉదహరించడం వల్ల నిలిచింది. వర్గ పదం గుణకానికి నాలుగు రెట్లతో రెండు వైపులా గుణించు, తెలియని రాశి గుణకం వర్గాన్ని రెండు వైపులా కలుపు, తర్వాత వర్గమూలం తీయి అంటుంది ఆ సూత్రం. మన సమీకరణాన్ని 8తో గుణించి 9 కలిపితే (4య − 3)² = 1 వస్తుంది. భిన్నం ఎక్కడా తగలకుండానే య = 1, య = 1/2 అని తేలిపోయింది. పూర్ణవర్గం చేయమంటే భిన్నాలతో కుస్తీ పట్టే పిల్లలకు ఈ దారి ఎందుకు చూపించరో నాకు అర్థం కాదు.

ఇక తిరుగు ప్రయాణం. సైన్ తీటా 1/2 అయితే 0 నుంచి 360 డిగ్రీల లోపు తీటా 30 కావచ్చు, 150 కావచ్చు. సైన్ తీటా 1 అయితే 90 ఒక్కటే. అంటే వర్గ సమీకరణం రెండు విలువలిస్తే, త్రికోణమితి మూడు కోణాలిచ్చింది. వర్గ సమీకరణానికి రెండే మూలాలని బట్టీ పట్టిన బుర్ర ఇక్కడ తడబడుతుంది. నిజానికి తికమకేమీ లేదు. రెండు మూలాలన్నవి య విలువలకు చెందిన లెక్క, మనల్ని అడిగింది తీటాను. −1కీ 1కీ మధ్యనున్న ప్రతి సైన్ విలువా ఒక చుట్టులో రెండు కోణాల దగ్గర వస్తుంది, సరిగ్గా 1 లేదా −1 అయితే ఒక్కచోటే వస్తుంది, ఆ హద్దు దాటితే ఎక్కడా రాదు. కాబట్టి సైన్‌లో వర్గ రూపం తీసుకున్న సమీకరణానికి ఒక చుట్టులో ఒక్క జవాబూ ఉండకపోవచ్చు, గరిష్ఠంగా నాలుగు ఉండవచ్చు. సైన్² − 5సైన్ + 6 = 0కు ఒక్కటీ లేదు, మూలాలు 2, 3 రెండూ హద్దు బయటే. సైన్² − 3సైన్ + 2 = 0కు ఒక్క 90 డిగ్రీలే. 4సైన్² = 3కు 60, 120, 240, 300 అని నాలుగు.

హద్దు దాటిన మూలాన్ని కొట్టేసేటప్పుడు కారణం రాయాలి. 2కాస్² − 5కాస్ + 2 = 0లో కాస్ విలువ 2 వస్తే, దాన్ని చడీచప్పుడు లేకుండా వదిలేసి 1/2తో ముందుకు పోయే జవాబు పత్రాలు కోకొల్లలు. కాస్ విలువ 1ని మించదు కాబట్టి ఇది చెల్లదు అన్న ఒక్క వాక్యం లెక్కలో భాగమే, అలంకారం కాదు. టాన్‌తో మాత్రం ఈ బెడద లేదు. దాని విలువ ఎంతైనా కావచ్చు, వాస్తవ మూలం ఏది వచ్చినా దానికో కోణం ఉంటుంది. ఫీల్డర్ లెక్కలో ఏ మూలాన్నీ కొట్టేయాల్సిన అవసరం రాకపోవడానికి కారణం అదే.

ఒక సైన్ విలువకు రెండు కోణాలుండటాన్ని మరో రకంగానూ చూడవచ్చు. ఏడో శతాబ్దంలో మొదటి భాస్కరుడు (ఇందాకటి భాస్కరాచార్యుడు కాదు) సైన్ విలువను పట్టికతో పనిలేకుండా లెక్కగట్టే సూత్రం ఒకటి ఇచ్చాడు. కోణాన్ని 180 నుంచి తీసివేయగా వచ్చినదాన్ని కోణంతో గుణించు. ఆ లబ్ధానికి నాలుగు రెట్లను, 40500లోంచి ఆ లబ్ధం తీసేయగా మిగిలినదానితో భాగించు. 30 డిగ్రీలకు లబ్ధం 4500, అంటే 18000ను 36000తో భాగించాలి, సరిగ్గా 1/2. 90 డిగ్రీలకు సరిగ్గా 1. మిగతా చాలాచోట్ల ఉజ్జాయింపే అయినా తేడా చాలా తక్కువ. ఇప్పుడు దీన్ని వెనక్కి తిప్పి, సైన్ 1/2 అయితే కోణమెంత అని అడగండి. లబ్ధం 4500 అని ముందు తేలుతుంది, ఆ తర్వాత కోణానికి ఒక వర్గ సమీకరణం వస్తుంది: కోణం వర్గం − 180 కోణం + 4500 = 0. దాని మూలాలు 30, 150. వాటి మొత్తం 180. సైన్‌కు ఒక విలువ దగ్గర రెండు కోణాలెందుకు అన్న ప్రశ్నకు మూలాల మొత్తమే జవాబు చెప్పేసింది.

ఈ పాఠంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన లెక్క 18 డిగ్రీలది. సైన్ 30, సైన్ 45 త్రిభుజం గీసి చెప్పేయగలం. 18కి అంత తేలిగ్గా కుదరదు. అయితే 18 డిగ్రీలకు ఒక గుణం ఉంది. దాని రెట్టింపు 36, మూడు రెట్లు 54, రెండూ కలిపితే 90. కాబట్టి ఆ కోణానికి సైన్ 2తీటా = కాస్ 3తీటా కావాలి. విస్తరిస్తే ఎడమవైపు 2సైన్ కాస్, కుడివైపు 4కాస్³ − 3కాస్. రెండు వైపులా ఉన్న కాస్‌ను తీసేసి, కాస్² బదులు 1 − సైన్² పెడితే మళ్లీ మన పాత మిత్రుడే: 4సైన్² + 2సైన్ − 1 = 0. ధన మూలం తీసుకుంటే సైన్ 18 = (√5 − 1)/4. సుమారు 0.309.

పుస్తకాలు ఇక్కడ గీత గీసి తర్వాతి లెక్కకు పోతాయి. రుణ మూలం సంగతేమిటి? దాని విలువ సుమారు −0.809, హద్దు దాటలేదు కాబట్టి అదీ ఏదో కోణం సైనే అయ్యుండాలి. 234, 306 డిగ్రీల సైన్ విలువ అదే. సైన్ 2తీటా = కాస్ 3తీటా సమీకరణం 18 ఒక్కదానికే కాదు, 72 చొప్పున కలుపుకుంటూ పోతే వచ్చే 90, 162, 234, 306లకూ నిజమే. ఈ అయిదు కోణాలను వృత్తం మీద గుర్తించి కలపండి. ఒక కొన నిటారుగా పైకి ఉన్న క్రమ పంచభుజి కళ్లముందు నిలుస్తుంది. సైన్ అంటే ఆ వృత్తం మీది బిందువు ఎత్తు. కాబట్టి 18, 162 దగ్గరి రెండు కొనలు ఒకే ఎత్తులో ఉండి ధన మూలాన్ని, కిందనున్న రెండు కొనలు రుణ మూలాన్ని పంచుకున్నాయి. వర్గ సమీకరణం నాలుగు కొనలను ఇచ్చింది. మరి పైకొన, 90 డిగ్రీలది?

దాన్ని మనమే పారేశాం. రెండు వైపులా కాస్‌ను తీసేసినప్పుడు కాస్ తీటా = 0 అయ్యే కోణాలు కూడా దానితో కొట్టుకుపోయాయి. 90తోపాటు 270 కూడా అలా పోయింది. అదీ అసలు సమీకరణానికి సరైన జవాబే, పంచభుజికి చెందనిది మాత్రం. 18 డిగ్రీల విలువ మాత్రమే కావాలంటే ఈ నష్టం ఏమీ కాదు, ఎందుకంటే కాస్ 18 సున్నా కాదని మనకు తెలుసు. కానీ సమీకరణాన్ని పూర్తిగా సాధించమంటే ఆరు జవాబుల్లో రెండు పోగొట్టుకున్నట్టే. తీసేయకండి, ఒకవైపుకు తెచ్చి ఉమ్మడి కారణాంకంగా బయట పెట్టండి. అప్పుడేదీ పోదు.

ఈ 18 డిగ్రీల విలువకు పెద్ద చరిత్రే ఉంది. రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో టాలెమీ జ్యాల పట్టిక కట్టడానికి మొదలుపెట్టిన విలువల్లో 36 డిగ్రీల జ్యా ఒకటి, అంటే 18 డిగ్రీల సైన్‌కు రెట్టింపు. వ్యాసార్ధం 60 భాగాలైతే ఆ జ్యా 37 భాగాల 4 నిమిషాల 55 సెకన్లని అతడు రాశాడు. ఇప్పటి కాలిక్యులేటర్‌తో చూసినా సెకన్ల దాకా తేడా లేదు. 1150 నాటి సిద్ధాంత శిరోమణిలో భాస్కరాచార్యుడు జ్యోత్పత్తి అనే భాగంలో 18 డిగ్రీల జ్యాకు (అతడి వాడుకలో వ్యాసార్ధం, సైన్‌ల లబ్ధానికి) సూత్రమే ఇచ్చాడు. వ్యాసార్ధం వర్గాన్ని అయిదుతో గుణించి, మూలం తీసి, అందులోంచి వ్యాసార్ధం తీసేసి, నాలుగుతో భాగించమన్నాడు. మనం ఇందాక రాసుకున్నది అక్షరాలా అదే. మన సిద్ధాంత గ్రంథాల్లో వాడుకైన 3438 వ్యాసార్ధం పెడితే 1062 చిల్లర వస్తుంది.

18, 15 డిగ్రీలు చేతిలో ఉంటే తేడా సూత్రంతో 3 డిగ్రీలకు చేరవచ్చు. అక్కడి నుంచి 1 డిగ్రీకి దిగాలంటే మాత్రం దారి మూసుకుంటుంది. కోణాన్ని సగం చేయడం వర్గ సమీకరణంతో అయ్యే పని, మూడో వంతు చేయడం ఘన సమీకరణం పని. పదిహేనో శతాబ్దం మొదట్లో సమర్‌ఖండ్‌లో అల్ కాషీ ఆ ఘన సమీకరణాన్ని తీసుకుని, వచ్చిన విలువను మళ్లీ మళ్లీ అందులోనే వేసి సవరించుకుంటూ సైన్ 1 డిగ్రీ విలువను అద్భుతమైన కచ్చితత్వంతో రాబట్టాడు.

జవాబులు పోవడం ఒక ప్రమాదమైతే, లేనివి వచ్చి చేరడం ఇంకొకటి. సైన్ తీటా + కాస్ తీటా = 1 తీసుకోండి. రెండు వైపులా వర్గం చేస్తే సైన్ 2తీటా = 0 అని సులువుగా తేలి 0, 90, 180, 270 వస్తాయి. 180 దగ్గర సైన్, కాస్‌ల మొత్తం −1. 270 దగ్గరా అంతే. వర్గం చేసినప్పుడు మొత్తం 1 అయినా −1 అయినా ఒకటే కాబట్టి ఆ రెండూ దూరిపోయాయి. నిజమైనవి 0, 90 మాత్రమే. వర్గం చేసిన ప్రతిసారీ జవాబులను మొదటి సమీకరణంలో వేసి చూడాల్సిందే.

ఇక్కడే ఒక విషయం చెప్పాలి. ఎంసెట్ రోజుల నుంచీ ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్షలో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలవే. ఆ తొందరలో ఇచ్చిన నాలుగు ఆప్షన్లను సమీకరణంలో వేసి చూడటమే సాధన అనే అలవాటు పిల్లలకు వస్తోంది. వేసి చూడటం అదనంగా దూరిన జవాబును పట్టిస్తుంది. పోయిన జవాబును అది ఎన్నటికీ పట్టించదు. 18 డిగ్రీల లెక్కలో మిగిలిన నాలుగు కోణాలనూ వేసి చూడండి, నాలుగూ సరిపోతాయి, అంతా బాగుందనిపిస్తుంది. పోయిన 90, 270ల ఊసే ఉండదు. కారణాంకాన్ని తీసేయడం వర్గం చేయడం కన్నా ప్రమాదకరమని నేననడానికి కారణం ఇదే.

సాధారణ సాధనకు మూడు సూత్రాలున్నాయి, వాటి గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. టాన్‌కు 180 గుణిజాలు కలుపుతూ పోవాలి. కాస్‌కు కోణం ముందు ప్లస్, మైనస్ రెండూ పెట్టి 360 గుణిజాలు కలపాలి. సైన్‌కు 180 గుణిజాలు కలుపుతూ కోణం గుర్తును ఒకసారి ప్లస్, ఒకసారి మైనస్ చేయాలి. వృత్తం గీసుకున్నవాడికి ఇవి గుర్తుంచుకోవాల్సినవి కావు, కనిపించేవి.

అభ్యాసం ఎలా చేయాలని అడిగేవాళ్లకు నా సలహా: లెక్క మొదలుపెట్టే ముందే ఒక చుట్టులో ఎన్ని జవాబులు రావచ్చో పక్కన రాసుకోండి, తర్వాత సరిపోయిందో లేదో చూసుకోండి. ఇరవై లెక్కలు గుడ్డిగా చేయడం కన్నా అయిదు లెక్కలు ఇలా చేస్తే లాభం ఎక్కువ. ఇంకా మంచి పని, లెక్కలు మీరే తయారు చేయడం. మూలాలను ముందు ఎంచుకోండి, 1/2, −1 అనుకుందాం. (2య − 1)(య + 1) గుణిస్తే 2య² + య − 1 = 0. య స్థానంలో సైన్ పెట్టి, 1 − 2సైన్² అన్నచోట కాస్ 2తీటా రాస్తే సైన్ తీటా = కాస్ 2తీటా అనే అమాయకమైన సమీకరణం తయారవుతుంది. దాని జవాబులు 30, 150, 270. వృత్తం మీద కలిపి చూడండి, సమబాహు త్రిభుజం. ఇలా నాలుగైదు తయారు చేసినవాడికి పరీక్షలో ఇతరులు తయారు చేసినవి కొత్తగా అనిపించవు.

చివరగా మీకో లెక్క వదిలేస్తున్నాను: కాస్ తీటా = టాన్ తీటా. ఒక చుట్టులో దీనికి ఎన్ని జవాబులో ముందు రాసి పెట్టుకోండి. దారిలో √5 మళ్లీ ఎదురవుతుంది, ఒక మూలం హద్దు దాటుతుంది, మొదటి జవాబు 38 డిగ్రీల 10 నిమిషాల దగ్గర ఉంటుంది. మిగిలింది మీరే తేల్చండి.